పంతొమ్మిదేళ్ల అద్దె

ఆమెకు పెట్టిన పేరు ఒకటుండేది. అది గుర్తింపు కార్డు మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. తల్లి బస్సులకు బాడీలు కట్టే షెడ్డులో సీట్లు నింపే పని చేసేది. ఆరేళ్ల వయసు నుంచి పిల్ల తల్లి పక్కన చతికిలబడి, సీట్లలో నింపే కొబ్బరిపీచులో ఉండలు ఏరేది. పదేళ్లకు గోనెపట్టను బిగించి పట్టుకునేది. పన్నెండేళ్లకు నోట్లో మేకులు పెట్టుకుని, ఒక్కొక్కటీ నాలుకతో ముందుకు తోసి, ఎడంచేత్తో అందుకుని, కుడిచేత్తో కొట్టేది. షెడ్డులో అందరూ సీట్లపిల్ల అనేవాళ్లు. పెళ్లయ్యాక సీట్లమ్మాయి అయింది. నలభై దాటాక సీట్లక్క అయింది. మధ్యలో ఎవరూ అసలు పేరు అడగలేదు, ఆమే చెప్పలేదు.

మొగుడు మూడు చక్రాల సరుకు బండి నడుపుతాడు. వాళ్ల పరిచయం కూడా పనిలోనే. ఒకరోజు అతను రెగ్జిన్ చుట్టలు దింపి డబ్బులు పట్టుకుని వెళ్లిపోబోతుంటే, సీట్లపిల్ల అడ్డంగా నిలబడి, చుట్ట లోపల జానెడు చిరుగు ఉందని పట్టుబట్టి చుట్టంతా విప్పించింది. చిరుగు నిజంగానే ఉంది. అతను తిట్టుకుంటూ చుట్ట వెనక్కి తీసుకెళ్లి, వేరేది తెచ్చి, మళ్లీ నాలుగు రోజులకు ఏ పనీ లేకుండా వచ్చాడు. ఆ తర్వాత ఏడాదికి పెళ్లయింది. అతన్ని అందరూ బండాయన అంటారు. మనిషి మాటకారి. ఊరుకోమంటే రెండు మాటలు ఎక్కువ మాట్లాడతాడు.

ఫ్యాక్టరీలో అచ్చుపోసిన సీట్లు రావడం మొదలయ్యాక బస్సు షెడ్డు మూతపడింది. సీట్లక్క ఇళ్లకు వెళ్లి కుర్చీలు, సోఫాలు బాగుచెయ్యడం మొదలుపెట్టింది. అలా ఒకసారి ఒక లెక్కల మాస్టారి ఇంటికి వెళ్లింది. మాస్టారి భార్య కూర్చుని చదువుకునే కుర్చీ ఒకటి స్ప్రింగులు తెగి ఒక పక్కకి వాలిపోయింది. సీట్లక్క దాన్ని వీధిలోనే విప్పి, తాళ్లు ఎనిమిది వైపులా లాగి కట్టి, సాయంత్రానికి నిలబెట్టింది. ఆవిడ కూర్చుని చూసి, మొగుడితో, "మనకి కారు లేదు, కొనేది లేదు. కింద షెడ్డు ఊరికే పడుంది. ఈ అమ్మాయికి ఇవ్వండి, వీధిలో ఎండలో చేస్తోంది" అంది. అద్దె ఇంత అని మెట్ల మీద నిలబడే చెప్పుకున్నారు. అంతే. కాగితం గురించి ఎవరికీ తోచలేదు.

అప్పటినుంచి పంతొమ్మిదేళ్లు. ప్రతి నెలా మొదటి వారంలో సీట్లక్క చేతులు కడుక్కుని, జుట్టులో పీచు దులుపుకుని, మేడ మీదికి వెళ్లి మాస్టారి చేతికి అద్దె ఇచ్చేది. ఆయన లెక్కల మాస్టారైనా అది మాత్రం లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకునేవాడు. "కూర్చో" అనేవాడు. పది నిమిషాలు కూర్చునేది. నీళ్ల మోటారు గురించో, వీధిలో తవ్విన గొయ్యి గురించో రెండు మాటలయ్యేవి. ఆయన భార్య పోయి ఎనిమిదేళ్లయింది. ఆవిడ పోయాక కూడా ఆ పది నిమిషాలు అలాగే సాగాయి. అద్దె ఒక్కసారే ఆలస్యమైంది, అదీ నాలుగు రోజులు, సీట్లక్క తల్లి పోయిన నెల. అప్పుడు మాస్టారు అడగలేదు.

షెడ్డు చిన్నది. ఒక పక్క గోడంతా ఫోము పలకలు. ఇంకో పక్క కుట్టుమిషను. దాని మీద బండాయన చెల్లెలు, అంటే సీట్లక్క ఆడపడుచు, కవర్లు కుడుతుంది. మధ్యలో పని. విప్పిన కుర్చీలు గేటు బయటికి కూడా వచ్చేస్తాయి. గోడ మీద సుద్దతో కొలతలు, వాటి పక్కన ఎవరివో గుర్తులు: 'కళ్లద్దాలాయన', 'మూడో అంతస్తు', 'కుక్క కొరికింది'. సీట్లక్క రాతపని అంతా ఆ గోడ మీదే ఉండేది. పని అయిపోతే తడిగుడ్డతో తుడిచేసేది.

కంటి ఆసుపత్రి వాళ్లు ఆమెకు పాత ఖాతాదారులు. డాక్టరు కూర్చునే స్టూలు చిరిగిందనో, పరీక్ష కుర్చీ తలగడ జారిందనో పిలిచేవాళ్లు. స్టోర్సు గుమాస్తా సొరుగులోంచి డబ్బు తీసి ఇచ్చి పంపేవాడు. ఆ గుమాస్తా ఒకరోజు కబురు పెట్టాడు. రోగులు కూర్చునే హాల్లో నూట నలభై సీట్లు మొత్తం కొత్తగా చెయ్యాలట. సీట్లక్క టేపు పట్టుకుని వెళ్లి కొలిచింది. ఒక్కో సీటూ చేత్తో నొక్కి చూసింది. ఫోము పిండి అయిపోయింది.

"నాలుగు వారాలు పడుతుంది. అన్నీ ఒకేసారి ఎత్తుకుపోను, రెండు రోజులకి పదేసి తీసుకెళ్లి ఇస్తుంటాను. రోగులు నిలబడక్కర్లేదు" అంది.

గుమాస్తా నీళ్లు నమిలాడు. "పని నీకే ఇవ్వాలనుందక్కా. కాని ఈసారి చేతికి డబ్బులివ్వడం కుదరదు. కొత్త పెద్దాయన వచ్చాడు. బిల్లు కావాలి, బిల్లు మీద రిజిస్ట్రేషన్ నంబరు కావాలి, కొట్టు పేరు మీద బ్యాంకు ఖాతా కావాలి."

"నాకు ఖాతా ఉందిగా."

"నీ పేరు మీద కాదు. కొట్టు పేరు మీద."

"కొట్టుకి పేరెక్కడిది? ఉన్న పేరంతా నాదే."

"అయితే ఒకటి పెట్టించుకో. నెల రోజుల్లో కాగితాలు తెస్తే పని నీది. లేకపోతే ఫ్యాక్టరీ వాళ్లకి పోతుంది. నా చేతిలో ఏం లేదక్కా."

ఆమె షెడ్డుకి వచ్చి ఈ సంగతి చెబితే బండాయన పెదవి విరిచాడు. కాగితాల పని అంటే అతనికి పడదు. ఆడపడుచు మాత్రం మిషను ఆపకుండానే, "నూట నలభై అంటే నూట నలభయ్యే గదా వదినా, వెళ్లి అడిగితే పోయేదేముంది" అంది.

బ్యాంకులో మొదటిరోజు ఆమెను మూడు కిటికీల దగ్గరికి తిప్పారు. రెండోరోజు చిన్న వ్యాపారాల బల్ల అని ఒక మూల ఉందని తెలిసింది. అక్కడ ఇరవయ్యారేళ్ల అమ్మాయి కూర్చుని ఉంది. ఎదురు కుర్చీ చేతి మీద రెగ్జిన్ ఊడి వేలాడుతోంది. సీట్లక్క మాట్లాడుతూ మాట్లాడుతూనే దాన్ని వేళ్లతో లోపలికి మడిచి నొక్కింది. బ్యాంకు అమ్మాయి అది చూసింది. ఎల్లుండి మీ కొట్టు చూడ్డానికి వస్తానంది.

చెప్పిన టైముకే వచ్చింది. గేటు దగ్గర బండి కడుగుతున్న బండాయన్ని చూసి, "ఓనర్ మీరేనా అండీ?" అని అడిగింది.

"ఓనర్ ఆవిడ. నేను బరువులు మోస్తాను. అప్పుడప్పుడు తిట్లు కూడా" అన్నాడతను.

అమ్మాయి లోపలికి వచ్చి, కూర్చోడానికి సీటున్న కుర్చీ ఒక్కటీ లేకపోవడంతో ఫోము పలకల దొంతర మీద కూర్చుంది. ఫారం తీసింది. "నెలకి ఎన్ని కుర్చీలు చేస్తారక్కా?"

"వచ్చినన్ని."

"సుమారుగా?"

"లెక్కపెట్టలేదమ్మా."

"పోనీ, ఫోము కొన్న బిల్లులు?"

"ఆయన బిల్లివ్వడు. అడిగితే రేటు మారుతుందంటాడు."

అమ్మాయి కలం పట్టుకుని షెడ్డు చుట్టూ చూసింది. కిటికీలో ఖాళీ మేకుల డబ్బాలు వరసగా ఉన్నాయి. వాటిలో సూదులు, బొత్తాలు, సుద్దముక్కలు వేసుకుంది సీట్లక్క. "ఆ మేకులు ఎన్నాళ్లకి ఒక డబ్బా అవుతాయి?"

"అది చెప్పగలను. పదిరోజులకి ఒకటి. కుర్చీకి అరవై పడతాయి, పెద్ద సోఫాకి నాలుగొందలు. వంకరపోయినవి మళ్లీ సాపు చేసి వాడతాను, అవి లెక్కలోకి రావు."

అమ్మాయి డబ్బా మీది తూకం చదివి, గుప్పెడు మేకులు తీసి అరచేతిలో ఎంచి, ఏదో గుణించి, భాగించి, ఇంకోసారి చూసుకుంది. "మీరనుకున్నంత చిన్న వ్యాపారం కాదక్కా మీది" అంది.

సీట్లక్క ఆ మాటకి పొంగిపోలేదు. "అయితే పన్ను పడుతుందా?" అని అడిగింది.

"అంత పెద్దదీ కాదు లెండి."

కొట్టు పేరు దగ్గర కాసేపు ఆగారు. బండాయన నాలుగైదు పేర్లు చెప్పాడు, అన్నీ పెద్ద పెద్ద హోటళ్ల పేర్లలా ఉన్నాయి. చివరికి ఆమే, "సీట్లక్క సీట్ల పని అని రాయమ్మా" అంది.

"సీట్లు రెండుసార్లు వచ్చాయక్కా."

"రానీ. ఫోము కూడా రెండు పొరలు వేస్తేనే నిలుస్తుంది."

అన్నీ రాసుకుని, ఇక ఒక్కటే మిగిలిందని చెప్పింది బ్యాంకు అమ్మాయి. కొట్టు ఇక్కడే ఉన్నట్టు రుజువు. అద్దె కాగితం గాని, ఇంటివాళ్ల సంతకంతో ఉత్తరం గాని ఏదైనా సరే.

ఆదివారం పొద్దున్నే మొగుడూ పెళ్లాలిద్దరూ మేడెక్కారు. మాస్టారు వరండాలో కుండీలకు నీళ్లు పోస్తున్నాడు. సీట్లక్క సంగతి చెప్పింది. ఆయన చెంబు కింద పెట్టాడు.

"ఏం కాగితం?"

"షెడ్డు మాకు అద్దెకిచ్చినట్టు, సంతకం పెట్టి."

"పంతొమ్మిదేళ్లు నోటిమాట సరిపోయింది. ఇప్పుడు చాలదా?"

"నాకు చాలు సార్. బ్యాంకుకి చాలదంట."

"రేపు ఆ కాగితం పట్టుకుని ఖాళీ చెయ్యనంటే?"

"నేనెందుకంటాను సార్?"

"నువ్వనవు. కాగితం అంటుంది."

ఆయన బాధ అదొక్కటే కాదు. ఇంటిపన్ను కాపురం ఉండే ఇంటి లెక్కలో కడుతున్నాడు. మీటరూ ఇంటిదే. కింది షెడ్డు మీద వచ్చే అద్దె ఏనాడూ ఏ ఫారంలోనూ చూపించలేదు. అవి ఆయన పైకి చెప్పలేదు. చెప్పకపోయినా సీట్లక్కకు తెలుసు. అందుకే బతిమాలలేదు.

బండాయన ఊరుకోలేదు. "మొన్న మిమ్మల్ని పెన్షన్ ఆఫీసుకి నా బండిలోనే తీసుకెళ్లాను గదా సార్. పని ఏంటని అడిగితే, బతికే ఉన్నట్టు కాగితం ఇవ్వాలన్నారు. ఎదురుగా మీరే నిలబడ్డా వాళ్లకి చాల్లేదు. మా పనీ అంతే సార్."

సీట్లక్క అతని కాలు తొక్కింది. మాస్టారు నవ్వలేదు, కోప్పడనూ లేదు. చెంబు మళ్లీ చేతిలోకి తీసుకుని, "మొక్కలకి నీళ్లు పొయ్యాలి" అన్నాడు. ఇద్దరూ మెట్లు దిగారు.

తర్వాత తొమ్మిది రోజులు పైనుంచి ఉలుకూ పలుకూ లేదు. గుమాస్తా ఇచ్చిన గడువు సగం అయిపోయింది. సీట్లక్క వేరే దారులు చూసింది. ఉంటున్న ఇంటి చిరునామా ఇద్దామంటే ఆ ఇంటికీ కాగితం లేదు. పక్కవీధిలో దుకాణం చూద్దామంటే వాళ్లడిగిన అడ్వాన్సుకి కళ్లు తిరిగాయి. పదో రోజు మాస్టారే దిగి వచ్చాడు. టైపు చేయించిన ఉత్తరం ఆమె చేతికిచ్చాడు.

సీట్లక్క గేటు దగ్గరికి వెళ్లి వెలుతురులో చదివింది. నాలుగు లైన్లే. పై చిరునామాలోని నా ఇంటి కింది షెడ్డును ఫలానావారు తమ వృత్తిపని నిమిత్తం ఉచితంగా వాడుకొనుటకు నాకు ఎట్టి అభ్యంతరమూ లేదు. కింద సంతకం, తేదీ.

"సార్, ఇందులో ఉచితంగా అని పడింది."

"పడలేదు. పెట్టించాను."

"మేం ఇస్తూనే ఉన్నాం గదా."

"ఇస్తూనే ఉండు. కాగితంలో అలా ఉంటే నాకు పన్ను గొడవ ఉండదు, నీకు బ్యాంకు పని అవుతుంది. నీకొచ్చిన నష్టమేంటి?"

నష్టమేంటో ఆమెకు చెప్పడం చేతకాలేదు. ఆ రోజంతా వెతికింది. అద్దె తగ్గలేదు, పెరగలేదు, షెడ్డు పోలేదు, గడువు దాటలేదు. ఏ పక్కనుంచి చూసినా నష్టం కనబడదు. అయినా కుర్చీకి గుడ్డ లాగుతుంటే చెయ్యి వంకరగా పోయింది. రెండుసార్లు మేకులు పీకి మళ్లీ కొట్టుకుంది. పంతొమ్మిదేళ్లంటే రెండొందల ఇరవయ్యెనిమిది నెలలు. అన్ని నెలలూ ఆమె ఆ మెట్లెక్కింది. ఇప్పుడు చదివేవాళ్లెవరికైనా ఆమె ఒక పెద్దమనిషి దయ మీద ఆయన ఇంటికింద తలదాచుకున్నట్టే ఉంటుంది.

బ్యాంకు అమ్మాయి ఉత్తరం చూసి, "ఇది చాలక్కా" అంది.

"ఇందులో అబద్ధం ఉందమ్మా."

"ఉచితం అన్నదా? ఇలాంటి ఉత్తరాలన్నింట్లోనూ అలాగే ఉంటుందక్కా. నాకు కావాల్సింది చిరునామా. చిరునామా నిజమేగా?"

"చిరునామా నిజమే."

"ఇక్కడ సంతకం పెట్టండి."

పెట్టింది. వారానికి ఖాతా తెరిచారు. రిజిస్ట్రేషన్ నంబరు ఫోనులో మెసేజుగా వచ్చింది. బండాయన దాన్ని రెండుసార్లు బిగ్గరగా చదివి, లాటరీ నంబరులా ఉందన్నాడు. గడువుకి ఇంకా ఆరు రోజులుండగా గుమాస్తా బల్ల మీద కాగితాలు పెట్టింది. పని ఆమెకే వచ్చింది.

నాలుగు వారాలు షెడ్డు నిండా నీలం రెగ్జినే. బండాయన పొద్దున పది సీట్లు విప్పి తెచ్చేవాడు, మర్నాడు పది బిగించి వచ్చేవాడు. ఆడపడుచు నూట నలభై కవర్లూ కుట్టింది. అంచు కుట్టు ఎక్కడా పక్కకి పోలేదు. ఫోము వ్యాపారి ఈసారి బిల్లిచ్చాడు. బిల్లుతో పాటు, ముప్పై రోజుల్లో డబ్బు కట్టాలన్న షరతూ ఇచ్చాడు. బిల్లు లేని రోజుల్లో అతను అంత ఖచ్చితంగా ఉండేవాడు కాదు. ఆసుపత్రి వాళ్లు మాత్రం యాభైరెండు రోజులు తీసుకున్నారు. మధ్యలో ఆ ఇరవైరెండు రోజులు బ్యాంకు అమ్మాయి ఖాతా మీద చిన్న అప్పు ఇప్పించడంతో గడిచాయి. చేతికి డబ్బొచ్చే రోజుల్లో ఆమెకు అప్పు అవసరం పడేది కాదు. కాని చేతికి డబ్బొచ్చే రోజుల్లో నూట నలభై సీట్లు ఎవరూ ఇచ్చింది లేదు. రెండూ నిజమే. ఆమె దేన్నీ కాదనలేదు.

డబ్బు పడిన తర్వాతి నెల మొదటివారం వచ్చింది. సీట్లక్క చేతులు కడుక్కోలేదు, మేడెక్కలేదు. ఫోను తీసి, మోటారు బాగుచేయించినప్పుడు మాస్టారు ఇచ్చిన నంబరు వెతికి, అద్దె దానికి పంపింది. కింద ఏదైనా రాయండి అని ఒక గడి ఉంటుంది. అందులో 'షెడ్డు అద్దె, ఈ నెలది' అని రాసింది. ఈ పని చెయ్యడానికి ముందు రెండు రోజులు ఆలోచించింది.

"చేతికిచ్చేస్తే పోయేదిగా" అన్నాడు బండాయన.

"పోయేదే. ఇన్నాళ్లూ అలాగే పోయింది" అంది.

అరగంటలో మాస్టారు దిగివచ్చాడు. చేతిలో ఫోను. ఎక్కడైనా కూర్చుందామని చూశాడు గాని చుట్టూ ఉన్న కుర్చీలన్నింటికీ సీట్లు లేవు. నిలబడ్డాడు.

"ఇదేంటమ్మాయ్?"

"అద్దె సార్."

"ఎప్పుడూ చేతికిచ్చేదానివి."

"కొట్టు డబ్బు ఇప్పుడు బ్యాంకులోనే ఉంటోంది సార్."

"తీసి ఇవ్వొచ్చుగా."

"ఇవ్వొచ్చు. తీసిందల్లా దేనికి తీశానో రాసుకోవాలని చెప్పారు. ఊరికే ఇచ్చిన షెడ్డుకి అద్దె అని ఎలా రాసుకోను?"

"ఇలా పంపిస్తే మాత్రం ఎవరూ అడగరా?"

"అడుగుతారేమో సార్. అడిగితే ఇద్దర్నీ అడుగుతారు."

ఆమె తలెత్తకుండానే మాట్లాడుతోంది. కుర్చీ చట్రానికి పట్టీ లాగుతోంది. గొంతులో విసురు లేదు. మాస్టారు కాసేపు ఆ పట్టీ వైపే చూశాడు.

"నీకు కోపమొచ్చిందన్నమాట."

"కోపం కాదు సార్." పట్టీ చివర మేకు కొట్టి అప్పుడు చెప్పింది. "నేనిక్కడ ఊరికే ఉన్నట్టుండడం నాకు బాగోలేదు. అంతే."

మిషను చప్పుడు ఆగి ఉంది. ఆడపడుచు తల వంచుకుని దారం ఎక్కిస్తున్నట్టు కూర్చుంది. మాస్టారు మెట్లవైపు వెళ్లాడు. ఎక్కేటప్పుడు రెయిలింగు పట్టుకుని మధ్యలో ఒకసారి ఆగాడు.

ఆ సాయంత్రం బండాయన, "ఖాళీ చెయ్యమంటాడు చూడు" అన్నాడు. సీట్లక్క, "అంటే చేద్దాం" అంది. అలా అంది గాని మర్నాడు పక్కవీధి దుకాణం ముందునుంచి రెండుసార్లు నడిచింది.

ఖాళీ చెయ్యమని ఆయన అనలేదు. రెండు వారాల తర్వాత ఇద్దర్నీ పైకి పిలిచాడు. బల్ల మీద అసలైన అద్దె ఒప్పందం ఉంది, మూడేళ్లకి. పక్కన ఒక తెల్లకాగితం మీద లెక్క. వచ్చే అద్దె ఇంత, దాని మీద పన్ను ఇంత, ఇంటిపన్ను మారితే ఇంత, అని నీటుగా గీతలు గీసి రాశాడు. ఆ లెక్క ప్రకారం అద్దె పదోవంతు పెరిగింది. షెడ్డుకి వేరే మీటరు, కొట్టు పేరు మీద, ఖర్చు కొట్టుది. ఖాళీ చెయ్యాలంటే ఎవరైనా మూడు నెలలు ముందు చెప్పాలి.

"గెలిచాననుకోకు" అన్నాడు మాస్టారు. "నెలనెలా ఎక్కువ పడేది నీకే."

"తెలుసు సార్."

"పాత ఉత్తరం ఉంటే ఈ పెరుగుదల ఉండేది కాదు."

"తెలుసు సార్."

ఆయన ఒక్క క్షణం ఆమె మొహం చూసి, కలం అందించాడు. ఆమె ప్రతి పేజీ మీదా సంతకం పెట్టింది. కార్డు మీదున్న పేరే పెట్టాలి గనక నిదానంగా, అక్షరం అక్షరం చూసుకుంటూ పెట్టింది.

ఇక మేడెక్కే పని లేకుండా పోయింది. ఒకటో తారీకున ఫోను నొక్కితే సరిపోతుంది. మూడో నెలలో గాని ఆ పది నిమిషాలు పోయాయని ఆమె గమనించలేదు. గమనించాక ఒకసారి ఊరికే వెళ్దామనుకుంది. ఏం చెప్పి వెళ్లాలో తెలియక ఆగిపోయింది. మాస్టారు అప్పుడప్పుడు గేటు దాటుతూ, "వీధిలో మళ్లీ తవ్వారు చూశావా" అంటాడు. "చూశాను సార్" అంటుంది.

కొత్త మీటరు వేగంగా తిరుగుతుంది. ఇద్దరు పాత ఖాతాదారులు బిల్లు వద్దన్నారు. బిల్లు లేకుండా చెయ్యనంటే వేరేచోటికి పోయారు. ఒక హోటలు, ఒక కాలేజీ కొత్త ఖాతాదారులుగా వచ్చాయి. కాలేజీ వాళ్లు డబ్బివ్వడంలో ఆసుపత్రి వాళ్లని మించిపోయారు. సుత్తీ మేకులూ పక్కన పెట్టి గాలితో పిన్నులు కొట్టే మిషను కొందామని సీట్లక్కకు బుద్ధి పుట్టింది. దాని అప్పు కోసం బ్యాంకు అమ్మాయి మళ్లీ వచ్చింది. అప్పటికి ఏడాది దాటింది. ఈసారి అమ్మాయి కూర్చోడానికి సీటున్న కుర్చీ దొరికింది.

ఫారంలో ఒక్కొక్కటీ అడుగుతూ, "పనివాళ్లు ఎంతమందక్కా?" అంది.

"నేనొక్కదాన్నే" అంది సీట్లక్క, ఫోము కోస్తూ.

కుట్టుమిషను ఆగింది. ఆడపడుచు తల తిప్పి, మెల్లగా, "మరి నేను?" అంది.

సీట్లక్క కత్తి అక్కడే ఉంచి చూసింది. ఆమెకు దురుద్దేశం లేదు. ఆడపడుచును పనివాళ్ల లెక్కలో ఏనాడూ అనుకోలేదు, అందుకే ఆ గడిలో ఆమె గుర్తుకు రాలేదు. వారం వారం చేతిలో పెట్టడమే తప్ప ఎక్కడా రాసింది లేదు. చూస్తూ చూస్తూ మొహం ఎర్రబడింది.

"నువ్వు ఇంటిమనిషివే" అంది.

"ఇంటిమనిషినే వదినా. పద్నాలుగేళ్ల నుంచి పొద్దున ఎనిమిదింటికి వస్తున్నాను. రేపు నాకు ఒక అప్పు కావాలంటే ఏం చేస్తావని అడుగుతారు. ఏం చెప్పను?"

సీట్లక్క చేతికంటిన ఫోము పొడి దులుపుకుంది. "ఈవిణ్ణి వెయ్యడానికి ఏం కావాలమ్మా?" అని అడిగింది.

"పేరు, ఖాతా నంబరు. జీతం అందులో వెయ్యాలి."

"అంతా అందులో వెయ్యకు వదినా" అంది ఆడపడుచు వెంటనే. "మా ఆయన నా ఫోను చూస్తాడు."

"సగం వేస్తాను. సగం చేతికిస్తాను."

"అలా రాయకూడదక్కా" అంది బ్యాంకు అమ్మాయి.

"నువ్వు రాసేది నువ్వు రాయమ్మా" అంది సీట్లక్క. తర్వాత తను అన్న మాట తనకే నచ్చక, "వద్దులే. ఉన్నదంతా రాయి" అంది. ఆడపడుచుతో, "ఫోనుకి తాళం ఎలా వెయ్యాలో ఈ అమ్మాయిని అడిగి నేర్చుకో" అంది. అమ్మాయి నవ్వు ఆపుకుంటూ పనివాళ్ల గడిలో ఒకటి అని వేసి, తాళం ఎలా వెయ్యాలో అక్కడికక్కడే చూపించింది.

బండాయన గేటు దగ్గర నిలబడి ఇదంతా విన్నాడు. "అందర్నీ రాస్తున్నారు, నన్నెందుకు రాయలేదు?" అన్నాడు.

"నీ బండి వేరే వ్యాపారం. నీ ఫారం నువ్వు తెచ్చుకో" అంది పెళ్లాం.

బ్యాంకు అమ్మాయి నిజంగానే సంచిలోంచి ఇంకో ఫారం తీసింది. "చెప్పండి బాబాయ్. బండి ఎవరి పేరు మీద ఉంది?"

బండాయన తల గోక్కున్నాడు. బండిని, టైరును, వీధిని వరసగా చూశాడు. పద్నాలుగేళ్ల కిందట పాత బండి మార్చి ఇది కొన్నప్పుడు, అమ్మినతను తాళాలిచ్చి, పేరు మార్పిడి తీరిగ్గా చూద్దామన్నాడు. అతను ఇప్పుడు ఏ వీధిలో ఉంటున్నాడో కూడా తెలియదు.

సీట్లక్క కత్తి కింద పెట్టి పూర్తిగా మొగుడివైపు తిరిగింది.